పిల్లాడికి ఫుట్‌బాల్, ఇంటిల్లిపాదికీ పరిచయం: మా స్కూలు ప్రోగ్రాం ఎలా ఉందంటే

స్కూలు పేరు రాయడం లేదు. మా వాడు ఇంకా అక్కడే చదవాలి, నేనేమో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులు కూడా రాయబోతున్నాను. మా స్కూలు తల్లులెవరైనా ఇది చదివితే ఎలాగూ గుర్తుపట్టేస్తారు. మిగతావాళ్లకు విశాఖలో ఏ స్కూలైనా ఒకటే, చేర్పించే ముందు అడగాల్సిన ప్రశ్నలు మారవు.

మా దగ్గర ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల అబ్బాయిలకు ఫుట్‌బాల్ జట్టు ఉంది. కొత్తగా చేరేవాళ్ల ఇంట్లో అందర్నీ జూన్‌లో ఒక శనివారం సాయంత్రం గ్రౌండ్‌కి పిలుస్తారు. దానికి ఫ్యామిలీ డే అని పేరు. తల్లిదండ్రులే కాదు, అమ్మమ్మలు, తాతయ్యలు, చెల్లెళ్లు ఎవరైనా రావచ్చని సర్క్యులర్‌లో రాశారు. ఇలాంటివాటిలో సాధారణంగా ఏముంటుందో మనకు తెలుసు కదా: ప్రిన్సిపాల్ గారి ప్రసంగం, ప్రొజెక్టర్ మీద మెస్సీ ఫొటో, చివర్లో ఫీజు కౌంటర్. ప్రసంగం ఇక్కడా ఉంది, కావలసినదానికన్నా పొడుగ్గానే ఉంది. ఆ తర్వాత జరిగిందే రాయదగ్గది.

కోచ్‌ది వన్‌టౌన్. యూనివర్సిటీ జట్టుకి ఆడారట, తర్వాత ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ వాళ్ల డి లైసెన్స్ అనే కోచింగ్ కోర్సు చేశారు. ఆ సర్టిఫికెట్ జిరాక్స్ బల్ల మీద పెట్టారు, కావలసినవాళ్లు చూసుకోవచ్చని. మైకు తీసుకుని మొదట అన్న మాట ఇది: "మీ వాడు ఇండియాకి ఆడతాడని నేను చెప్పను. వారానికి నాలుగు రోజులు అలసిపోయి ఇంటికొస్తాడు. బట్టలు మట్టికొట్టుకుపోయి ఉంటాయి. గుమ్మంలోనే అన్నం అడుగుతాడు. ఈ మూడూ గ్యారంటీ."

అందరూ నవ్వారు. నాకు మాత్రం అక్కడే ఆయన మీద గురి కుదిరింది. ఐఐటీ ఫౌండేషన్ వాళ్ల దగ్గర్నుంచి అబాకస్ వాళ్ల దాకా మా గుమ్మం ఎక్కినవాళ్లెవరూ తాము ఏం ఇవ్వలేరో ముందుగా చెప్పలేదు.

తర్వాత మమ్మల్ని కూర్చోనివ్వలేదు. పెద్దవాళ్లందర్నీ గ్రౌండ్‌లోకి రమ్మని, పిల్లల్ని కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఈ ఊళ్లో ప్రతి తండ్రీ పుట్టుకతో క్రికెట్ కోచే. ఎల్బీడబ్ల్యూ మీద గంటసేపు వాదిస్తారు. ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ అంటే మాత్రం నోరు పెగలదు. అందుకని ఆయన దాన్నే పట్టుకున్నారు. మా అత్తగారిది టెక్కలి వైపు. మోకాళ్ల నొప్పులని నిలబడలేరు. "మామ్మగారూ, మీరు లేవక్కర్లేదు, మీరే మా డిఫెండర్" అని ఆవిడ కుర్చీని తీసుకెళ్లి గోల్‌కి కాస్త ఇవతల వేశారు. ఆవిడ వెనక కళ్లజోడాయన ఒకరు గోల్‌కీపర్. మా ఆయన ఫార్వర్డ్. బంతి కోచ్ కాలి దగ్గర.

"నేను బంతి తన్నే క్షణంలో ఈ సార్ మామ్మగారిని దాటి గోల్ వైపు ఉంటే ఆఫ్‌సైడ్. ఆవిడకి ఇవతలున్నా, సరిగ్గా పక్కనున్నా ఫర్వాలేదు. నేను తన్నాక ఎంతైనా పరుగెత్తొచ్చు."

మా ఆయన రైల్వేలో సిగ్నల్ పడేదాకా బండి కదలకూడదని రోజూ చూసే మనిషే. అయినా తన్నకముందే ముందుకు ఉరికారు. మళ్లీ పెట్టారు, మళ్లీ ఉరికారు. మా అత్తగారికి చిర్రెత్తుకొచ్చి, "ఏట్రా, ఆయన తన్నీదాకా ఆగలేవేటి?" అని కొడుకుని అందరి ముందూ కసిరారు. కోచ్ చప్పట్లు కొట్టి, "ఇదే రూల్, మామ్మగారు చెప్పేశారు" అన్నారు. మిగతాది చిన్న చిన్నగా అక్కడే చూపించారు. గోల్‌కీపర్‌తో కలిపి అవతలి జట్టువాళ్లు ఇద్దర్ని లెక్కలోకి తీసుకోవాలట. బంతి మన కన్నా ముందుంటే ఆఫ్‌సైడ్ రాదు. మన సగంలో నిలబడినా రాదు. త్రో ఇన్, కార్నర్, గోల్ కిక్ నుంచి నేరుగా బంతి అందుకున్నా రాదు. ఇప్పుడు టీవీలో మ్యాచ్ వస్తుంటే మా అత్తగారు రెఫరీ కన్నా ముందే చెయ్యెత్తుతున్నారు. సగంసార్లు ఆవిడదే రైటు.

ఇది సరదా కోసం చేసింది కాదని తర్వాత తెలిసింది. ఇంట్లోవాళ్లకు రూల్ తెలియకపోతే మ్యాచ్ రోజున గట్టు మీద నిలబడి "కొట్టరా, కొట్టు" అని అరవడమే వచ్చు. పిల్లాడు కోచ్ మాట వినాలో నాన్న మాట వినాలో తెలియక బంతి వదిలేస్తాడు. మ్యాచ్ జరిగేటప్పుడు తల్లిదండ్రులు చప్పట్లు కొట్టొచ్చు, పేరు పెట్టి పిలిచి సలహా ఇవ్వకూడదు అని మా చేత సంతకం పెట్టించుకున్నారు.

సంతకాల సంగతికి వస్తే, ఒకటి కాదు. బ్లడ్ గ్రూప్, ఆయాసం, అలర్జీ, వాడే మందులు, ఫోన్ చేస్తే తక్షణం రాగలిగే ఇద్దరి నంబర్లు. "ఆడుకోడానికి కూడా ఇన్ని సంతకాలెట్టాలేటి?" అని అత్తగారు. నాకైతే నచ్చింది. ముఖ్యంగా ఒక నిబంధన: తలకి దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా, మాట తడబడినా ఆ రోజు మళ్లీ ఆటలోకి దించరు, డాక్టర్ చూసి రాసిస్తేనే తర్వాత రానిస్తారు. పిల్లాడు బాగానే ఉన్నానన్నా, నాన్న ఫైనల్ మ్యాచ్ అని బతిమాలినా కుదరదట.

సామాన్ల బల్ల దగ్గర ఆయన చెప్పినవి ఏ స్కూలు వాళ్లకైనా పనికొస్తాయి. మన గ్రౌండ్లు చాలావరకు గట్టి నేల, పైన ఇసకా గులకరాళ్లూ. అడుగున పొడవు స్టడ్స్, అంటే నేలని పట్టే బుడిపెలు, ఉన్న బూట్లు మెత్తటి గడ్డికి బాగుంటాయి. ఇక్కడ వేస్తే నేలలో దిగవు, పాదం ఊగి మడమ మెలిపడుతుంది. పొట్టి రబ్బరు స్టడ్స్ వరసగా ఎక్కువ ఉన్నవి కొనమన్నారు. వచ్చే ఏడాదికి కూడా వస్తాయని రెండు సైజులు పెద్దవి కొనొద్దని తల్లుల వైపు చూసి మరీ చెప్పారు. మోకాలి కింద ఎముకకి దెబ్బ తగలకుండా కట్టుకునే షిన్ గార్డ్స్ ఆట చట్టంలోనే తప్పనిసరి, ప్రాక్టీసుకీ వేసుకోవాలి. బంతి అయిదో నంబరు, చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. ఇంట్లో పన్నెండేళ్ల లోపు తమ్ముడుంటే వాడికి నాలుగో నంబరు ఇవ్వాలి, పెద్ద బంతి కాదు. ఖరీదైన విదేశీ బ్రాండ్ అక్కర్లేదు, నివియా లాంటివి చాలన్నారు. జగదాంబ దగ్గర ఒక షాపులో బూట్లు, గార్డ్స్, స్టాకింగ్స్ కలిపి రెండు వేల లోపే తేలాయి. స్కూలుకి టర్ముకి మూడు వేలు. జెర్సీ డబ్బులు వేరే, ఆ మాట మాత్రం ఫ్యామిలీ డే రోజు ఎవరూ ఎత్తలేదు, తర్వాత డైరీలో చీటీ వచ్చింది. పెద్ద మొత్తం కాదు కానీ, అన్నీ ముందే చెబుతామన్నవాళ్లు ఇది కూడా చెప్పి ఉండాల్సింది.

తిండి గురించి ఎక్కువ చెప్పలేదు, చెప్పినంతవరకు బాగుంది. ప్రాక్టీసుకి గంటన్నర ముందు అరటిపండో అటుకులో చాలు. ఆట ముందు మురీ మిక్చర్, బజ్జీ వద్దు. మన ఊరి ఉక్కకి చెమట ఆరదు, ఉప్పు పోతుంది, అందుకని నీళ్లతో పాటు ఉప్పేసిన మజ్జిగ సీసా పంపమన్నారు.

వయసు దగ్గర మనిషి కఠినం. స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19 విభాగాలుంటాయి. వైమానిక దళం వాళ్లు 1960 నుంచి నడిపే స్కూళ్ల ఫుట్‌బాల్ పోటీ సుబ్రతో కప్‌లో అండర్ 17 ఉంది. జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, స్టడీ సర్టిఫికెట్ మూడింటిలో తేదీ ఒకటే ఉండాలి. "వయసు తగ్గించి రాయించే మాట నా దగ్గర ఎత్తొద్దు. పై స్థాయిలో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక చూస్తారు. అప్పుడు పరువు పోయేది పిల్లాడిది" అన్నారు. వెనక వరసలో ఎవరో దగ్గారు.

ప్రశ్నల సమయంలో అందరూ ఎదురుచూసిందే వచ్చింది. "సార్, టెన్త్‌లో మార్కులు తగ్గితే బాధ్యత ఎవరిది?" ఆయన సమాధానం: పదో తరగతివాళ్లకు సంక్రాంతి తర్వాత ప్రాక్టీసు ఆపేస్తారు, పబ్లిక్ పరీక్షలయ్యాక రావచ్చు. యూనిట్ టెస్టులో ఏ సబ్జెక్టయినా తప్పితే ఆ రోజుల్లో గ్రౌండ్ పక్కన కూర్చుని చదువుకోవాలి, ఇంటికి పంపించరు. ఈ రెండోది బాగుంది. ఆట మాన్పించడం శిక్షగా కాకుండా, జట్టుతోనే ఉంచుతున్నారు.

ఇంకో తండ్రి, "అసలు ఫుట్‌బాల్‌కి మన దగ్గర ఏముందండీ?" అన్నారు. కోచ్ రహీం సాబ్ సంగతి ఎత్తుకున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన స్కూలు టీచర్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లిన కోచ్, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారం తెచ్చిన జట్టుకీ ఆయనే కోచ్. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నెలలోనే మెల్‌బోర్న్ ఆటలు మొదలయ్యాయని చెప్పినప్పుడు కోచ్ గొంతు కొంచెం మారింది. ఆ తండ్రి ఊరుకోలేదు: "అరవై ఏళ్ల నాటి మాట కదండీ." "అవును సార్, అందుకే చదువు మాన్పించొద్దంటున్నాను" అన్నారు ఈయన. తెలివైన జవాబే, ప్రశ్నకి మాత్రం పూర్తి జవాబు కాదు.

ఇక చేరాక చూసినవి. ప్రాక్టీసు సాయంత్రం నాలుగుంపావు నుంచి ఆరింటి దాకా. మనది తూర్పు తీరం, డిసెంబరులో అయిదున్నరకే సూర్యుడు దిగిపోతాడు. గ్రౌండ్‌లో లైట్లు లేవు. ఆఖరి పది నిమిషాలు పిల్లలు బంతిని చూసి కాదు, చప్పుడు విని తన్నుతున్నారు. చలికాలంలో టైం మార్చమని చాలామందిమి అడిగాం. స్కూలు బస్సు టైంకి కుదరదని ఆఫీసు జవాబు. బస్సేమో ఎలాగూ ఆలస్యంగానే వస్తుంది.

ఫ్యామిలీ డే రోజు తెరిచి చూపించిన ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఐస్ ప్యాకులు, క్రేప్ బ్యాండేజీ, అన్నీ కొత్తవి. తర్వాత ఒక పిల్లాడి మడమ మెలిపడినప్పుడు పెట్టెలో ఐస్ లేదు, గేటు బయట జ్యూస్ బండి దగ్గర్నుంచి కవర్లో తెచ్చారు. కోచ్ తప్పు లేదు, పెట్టె తాళం ఆఫీసులో, ఫ్రిజ్ స్టాఫ్ రూంలో. కానీ నొప్పితో ఏడ్చేవాడికి ఈ వివరాలెందుకు?

వాట్సాప్ గ్రూప్ గురించి ఒక్క మాట. ప్రాక్టీసు రద్దయిన కబురు కింద ఇరవై చేతులు జోడించిన బొమ్మలు, మధ్యలో ఎవరిదో ఫ్లాట్ అమ్మకం. కోచ్ పెట్టే మెసేజ్ పైకెళ్లిపోతుంది. అడ్మిన్ మాత్రమే రాసేలా పెట్టమంటే అది పెద్ద దౌత్య సమస్య అయిపోయింది.

మా వాడి సంగతి అడుగుతారేమో. జట్టులో వాడు గొప్ప ఆటగాడేం కాదు, ఎక్కువగా బెంచి మీదే. అయినా మ్యాచ్‌లో ప్రతివాడికీ కొంతసేపు ఆట దొరుకుతుందని మొదట్లో ఇచ్చిన మాట ఇప్పటిదాకా తప్పలేదు. ఓడిపోతున్న మ్యాచ్‌లో కూడా వీణ్ని దించారు. నేను ఈ ప్రోగ్రాంకి అయిదులో నాలుగు ఇస్తున్నానంటే అందులో ఒకటి దీనికే.

తగ్గించిన ఆ ఒక్కటీ లైట్లకో ఐస్‌కో కాదు, అమ్మాయిల జట్టు లేనందుకు. ఫ్యామిలీ డేకి చెల్లెళ్లని కూడా పిలిచారు, కోన్ల మధ్య బంతి నడిపించమన్నారు, ఆరో తరగతి చదివే మా అమ్మాయి కొందరు అన్నయ్యల కన్నా బాగా నడిపింది. "నేనెప్పుడు చేరాలి?" అని అది అడిగితే అక్కడ మాత్రం అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అమ్మాయిల అండర్ 17 ప్రపంచకప్ 2022లో మన దేశంలోనే జరిగింది, అందులో ఇండియా ఆడిన భువనేశ్వర్ మనకి ఒక రాత్రి రైలు ప్రయాణం. ఇక్కడేమో బట్టలు మార్చుకోడానికి గది లేదంటున్నారు. గది ఉంది, విరిగిన బెంచీలతో నిండి ఉంది.

నేను వదల్లేదు. కోచ్ ఒక దారి చెప్పారు: పదకొండు మంది అక్కర్లేదు, ఏడుగురు పేర్లిస్తే సెవెన్స్ జట్టుగా మొదలుపెడతానని, గది ఖాళీ చేయించే బాధ్యత ఆఫీసుతో మాట్లాడి తనే తీసుకుంటానని. ఇప్పటికి నాలుగు పేర్లు వచ్చాయి. మా స్కూల్లో ఆరు, ఏడు చదివే ఆడపిల్లల అమ్మలు ఇది చదువుతుంటే, వచ్చే జూన్ దాకా ఆగకుండా పేరు ఆఫీసులో రాయించండి. బర్త్ సర్టిఫికెట్ జిరాక్స్ కూడా పట్టుకెళ్లండి, లేకపోతే రేపు రమ్మంటారు.