మా షెడ్డుకొచ్చిన క్యాలిబ్రేషన్ వ్యాన్: ఐదుకి నాలుగు

పాలకొల్లు దగ్గర మాది ట్రాన్స్‌ఫార్మర్ల రిపేరు షెడ్డు. 33/11 కేవీ సబ్‌స్టేషన్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టు కూడా చేస్తాం. టూల్స్ రిజిస్టరు రాసేది నేనే, ఆడిట్ రోజున తిట్లు తినేదీ నేనే. ఈ మార్చిలో మీటర్ల క్యాలిబ్రేషన్‌కి, అంటే అవి సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూడటానికి, కొత్త ల్యాబ్‌ని పిలిచాం. సామానంతా వ్యాన్‌లో వేసుకుని వాళ్లే వస్తారు. పేరు మాత్రం రాయను. పాత ల్యాబ్ గురించి మంచి మాట చెప్పబోవడం లేదు, ఒకళ్ల పేరు రాసి ఇంకొకళ్లది దాచడం బాగుండదు.

పాతవాళ్లని ఎందుకు మానేశామో ముందు చెప్పాలి. పోయినేడు వాళ్లిచ్చిన సర్టిఫికెట్లు ఫైల్లో పెడుతుంటే మా స్టోర్ కుర్రాడు ఒకటి చూసి ఆగాడు. అది టాంగ్ టెస్టర్‌ది, తీగ చుట్టూ దవడలు పట్టించి కరెంటు కొలిచే మీటరు. "ఈ టాంగ్ టెస్టర్ ఆవేళ రాజోలులో ఉందండి, మనోళ్లు పట్టుకెళ్లారు కదండీ" అన్నాడు. గేట్ పాస్ పుస్తకం తిప్పితే నిజమే. మీటరు రాజోలులో ఉంటే, ఇక్కడ పాలకొల్లులో దానికి ఐదు పాయింట్ల దగ్గర రీడింగులు తీసినట్టు కాగితం! స్టిక్కరు కూడా కవర్లో పెట్టి పంపారు, మమ్మల్నే అంటించుకోమని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిగతా ముప్ఫై కాగితాల సంగతేంటి మరి?

అందుకని ఈసారి రేటు అడిగే ముందే ల్యాబ్‌లకి గుర్తింపిచ్చే ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో కొత్త ల్యాబ్ స్కోప్, అంటే వాళ్లకి గుర్తింపున్న పనుల జాబితా, తీసి చదివాను. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందంటే అన్నీ చేసేస్తారని కాదు. ఏ కొలత, ఎంత రేంజి వరకు, వాళ్ల ల్యాబ్‌లోనా, మన సైట్‌లోనా అన్నది అందులో విడివిడిగా ఉంటుంది. ఈ ల్యాబ్‌కి ఎలక్ట్రికల్ కొలతలు సైట్‌లో చేసే గుర్తింపు ఉంది, టార్క్‌కి, అంటే బోల్టు బిగింపు కొలతకి, లేదు. ఫోన్ చేస్తే వాళ్లే ముందుగా ఆ మాట చెప్పారు: "టార్క్ రెంచిలు మా ల్యాబ్‌కి పంపండి సార్, అక్కడ తీయలేం." నాకు వాళ్ల మీద నమ్మకం కుదిరింది ఈ మాటతోనే.

పొద్దున్న తొమ్మిదికి ఇద్దరు దిగారు, ఒక పెద్దాయన, ఒక అమ్మాయి. పని చేసేది ఆ అమ్మాయే. రేకుల షెడ్డులో ఉక్క చూసి ఇక్కడ కుదరదంది. ఏసీ ఉన్న ఆఫీసు గది ఖాళీ చేయించి, ఉష్ణోగ్రతా తేమా చూపించే మీటరు బల్ల మీద పెట్టి, మా మీటర్లన్నీ అక్కడ పేర్పించింది. ఒక గంటసేపు వాటిని ముట్టుకోలేదు. గది చల్లదనానికి అవి సర్దుకోవాలట. ఓల్టేజి ఊగుతోందని వెల్డింగ్ కూడా ఆపించింది. మా మేస్త్రి గొణిగాడు గానీ, పాత ల్యాబ్‌వాళ్లు ఇవేవీ అడగలేదని నాకప్పుడే గుర్తొచ్చింది.

టాంగ్ టెస్టర్ చూసే పద్ధతి నాకు భలే నచ్చింది. వెయ్యి ఆంపియర్లు ఎక్కడి నుంచి తెస్తారా అనుకున్నా. 50 చుట్ల కాయిల్‌ని మీటరు దవడల మధ్య పెట్టి అందులోకి 20 ఆంపియర్లు పంపింది. యాభై ఇరవైలు వెయ్యి! మా కుర్రాడు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

అసలు దెబ్బ ఆయిల్ టెస్టింగ్ కిట్ దగ్గర తగిలింది. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ బీడీవీ, అంటే ఎన్ని కేవీల దగ్గర ఆయిల్ తట్టుకోలేక స్పార్క్ వస్తుందో, తీసే కిట్ అది. ఎలక్ట్రోడ్ల మధ్య 2.5 మిల్లీమీటర్ల సందు పెట్టి, ఆరు సార్లు పేల్చి సగటు తీస్తాం. సందు గేజ్‌ని మైక్రోమీటర్‌తో చూసి బాగుందంది. మీటరే ఎక్కువ చూపిస్తోంది. 40 కేవీ చూపిస్తున్నప్పుడు అసలు ఉన్నది 36 పైచిలుకు. సరిచేయబోతుంటే ఆగమంది. "వచ్చినప్పుడు ఎలా ఉందో ఆ రీడింగులు ముందు రాయాలండి, సరిచేశాక మళ్లీ తీస్తాను." పాత సర్టిఫికెట్‌లో ఇదే కిట్‌కి తప్పు సున్నా అని ఉంది.

మా దగ్గర సర్వీసులో ఉన్న ఆయిల్‌కి 30 కేవీ దాటితే పాస్. అంటే 31, 32 అని మేం పాస్ చేసినవి నిజానికి ఫెయిల్ కావచ్చు. రిజిస్టరు తిప్పితే అలాంటివి తొమ్మిది తేలాయి, అందులో సగం భీమవరం వైపు చెరువుల ఫీడర్లవే. వాటి శాంపిళ్ల కోసం కాలవగట్ల వెంట సీసాలు పట్టుకుని రెండు రోజులు తిరిగాం. నాలుగు ట్రాన్స్‌ఫార్మర్లకి ఆయిల్ ఫిల్టర్ చేయాల్సి వచ్చింది. ఖర్చు మాదే, నోరు మూసుకుని పెట్టుకున్నాం.

టార్క్ రెంచిలు తర్వాత కొరియర్‌లో పంపాం. 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల రెంచికి 20, 60, 100 శాతాల దగ్గర చూస్తారు, ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం లోపల ఉండాలి. మాది 120 దగ్గర 109 కొట్టింది. వాడాక సెట్టింగ్ కిందకి దించకుండా వదిలేశారని, బోల్టులు ఊడదీయడానికీ అదే వాడారని రాశారు. రెండూ నిజమే.

ఇక ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, వారంలో ఇస్తామన్న సర్టిఫికెట్లు పద్దెనిమిది రోజులకి వచ్చాయి. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) సీరియల్ నంబరులో ఒక అంకె తప్పు పడింది, దిద్దించడానికి ఇంకో నాలుగు రోజులు. ఆడిటర్ మొదట చూసేది ఆ నంబరే, అందుకే టెన్షన్. తర్వాతి క్యాలిబ్రేషన్ తేదీ మాత్రం మేం రాసిస్తేనే వేస్తామన్నారు. మొదట చిరాకేసింది. ల్యాబ్ తనంతట తాను గడువు సలహా ఇవ్వకూడదని ల్యాబ్‌లు పాటించాల్సిన ప్రమాణం ఐఎస్ఓ 17025లోనే ఉందట.

బిల్లు జీఎస్టీతో కలిపి 28 వేలు అయింది, పాతవాళ్లకంటే ఆరు వేలు ఎక్కువ. వచ్చే మార్చికీ వీళ్లనే అడిగాను. పిలిచేవాళ్లు ఆ రోజు వెల్డింగ్ పని పెట్టుకోకండి, సీరియల్ నంబర్లు కాగితం మీద రాసి వాళ్ల చేతికే ఇవ్వండి.