ఒకే హాల్లో రెండు శబ్దాలు: రెండేళ్లు వాడాక

మా హాల్లో ఒక మూల నాన్నగారి సోఫా, టీవీ. ఇంకో మూల అమ్మాయి చదువుకునే బల్ల. ఆయనకు వినికిడి తగ్గింది, సౌండ్ పెంచక తప్పదు. హెడ్‌ఫోన్స్ ఇస్తే చెవులు చెమట పడుతున్నాయని పక్కన పడేస్తారు. అందుకని ఎనిమిది చిన్న స్పీకర్లు వరసగా ఉన్న ఈ యూనిట్ పెట్టాం. ఒక్కో స్పీకర్ అదే శబ్దాన్ని అతి స్వల్ప సమయ తేడాతో, వేర్వేరు మోతాదుల్లో వదులుతుంది. ఆ అలలు సోఫా దగ్గర కలిసి బలపడతాయి, బల్ల దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

మాటల వరకు పనితనం బాగుంది. సోఫాలో వార్తలు గట్టిగా వినిపిస్తున్నా, బల్ల దగ్గర టీవీ పక్క గదిలో ఉన్నట్టే ఉంటుంది. బేస్, అంటే గంభీరమైన కింది స్థాయి శబ్దాల దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. 100 హెర్ట్జ్ శబ్దానికి అల పొడవు దాదాపు 3.4 మీటర్లు. ముప్పావు మీటరు కూడా లేని పెట్టె దాన్ని ఒక పక్కకు ఏం తిప్పుతుంది? బేస్ కోసమే ఉండే స్పీకర్, సబ్‌వూఫర్, కలిపి చూసి వారం తిరక్కుండా తీసేశాను. పై స్థాయి కీచు శబ్దాలతో ఇంకో తంటా. మా దాంట్లో స్పీకర్ల మధ్య ఎడం 8 సెంటీమీటర్లు. సుమారు 2,100 హెర్ట్జ్ దాటితే ఆ ఎడం అల పొడవులో సగం కంటే ఎక్కువైపోయి, శబ్దం అనుకోని దిక్కులకూ పోవడం మొదలవుతుంది. అందుకే 'స', 'ష'లు మాత్రం బల్ల దగ్గరకు బుసకొట్టినట్టు వస్తుంటాయి.

యూనిట్ కంటే గదే ముఖ్యమని ఆలస్యంగా తెలిసింది. నేరుగా వెళ్లే శబ్దాన్ని తగ్గించినా, ఎదురు గోడకు తగిలి తిరిగొచ్చేది మిగిలిపోతుంది. ఆ గోడకు మందపాటి కర్టెన్లు కట్టాక సగం గొడవ వదిలింది. వాటిని ఉతకడానికి తీసిన రోజు టీవీ మళ్లీ వచ్చి బల్ల మీద కూర్చుంటుంది! సోఫా జరిపినా అంతే, ఏ చోటికి శబ్దం ఎలా చేరుతోందో యూనిట్‌కు తెలియడానికి మైకు పట్టుకుని కొలతలన్నీ మళ్లీ మొదటి నుంచి తీయాలి. ఒకసారి అప్‌డేట్‌లో అవన్నీ చెరిగిపోయాయి, ఆ పూట నా ఓపికా పోయింది.

అమ్మాయి ఫిర్యాదు వేరు. "సౌండ్ తక్కువే నాన్నా, కానీ మాటలు అర్థమవుతున్నాయి, మనసు అటే పోతోంది." నిజమే, నిశ్శబ్దంలో గుసగుసే ఎక్కువ లాగుతుంది. ఫ్యాన్ వేస్తే నయమని గమనించాక, ఇదే యూనిట్‌తో రెండో శబ్దంగా సన్నని వాన చప్పుడు బల్ల వైపు పంపాను. మాటలు అందులో కలిసిపోయాయి. సోఫాలో ఆ వాన ఊసే లేదు.

నాన్నగారు కాస్త కుడి పక్కకు జరిగితే మాత్రం గొంతులు పలచబడిపోతాయి. అందుకే ఆయన కూర్చోవాల్సిన చోట ఒక నీలం దిండు గుర్తుగా పెట్టాం. దాన్ని ఎవరూ కదపకూడదు.