గోబర్ గ్యాస్ ప్లాంట్ ఏళ్ల తరబడి వాడాక: పేలుద్దా లేదా?

మాది దీనబంధు మోడల్, 2 క్యూబిక్ మీటర్లది, గ్యాస్ చేరే గుండ్రటి డోమ్ మొత్తం భూమిలోనే. నాలుగైదు గేదెలుంటే రోజుకి 50 కేజీల పేడ వచ్చేస్తది, అంతే నీళ్లు కలిపి పోస్తే ఇంట్లో వంటకి సరిపోద్ది. 1984లో ఆఫ్‌ప్రో సంస్థ తెచ్చిన డిజైన్ ఇది, పాత ఇనప డ్రమ్ము రకానికున్న తుప్పు గోల దీనికి లేదు. చలికాలం గ్యాస్ కాస్త తగ్గుద్ది, అది ఎవరికైనా తప్పదు.

ఇంటికొచ్చిన వాళ్లంతా అడిగేది మాత్రం ఒకటే, బాంబులా పేలదా అని. డోమ్‌లో మామూలుగా గాలే ఉండదండీ, 55-65 శాతం మండే గ్యాస్ మీథేన్, మిగతాదంతా దాదాపు కార్బన్ డయాక్సైడే, మీథేన్ అంటుకోవాలంటే గాలిలో 5 నుంచి 15 శాతం దాకా కలిసుండాలి, అందుకే నిండుగా నడుస్తున్న ప్లాంట్ గురించి నాకు భయం లేదు, భయమంతా గాలి జొరబడే టైముల్లోనే.

మొదటిది కొత్తగా పేడ నింపినప్పుడు. ఖాళీ డోమ్‌లో ఉన్న గాలి ముందు వచ్చే గ్యాస్‌తో కలిసే ఉంటది, మా మేస్త్రీ ఏమో గ్యాస్ వచ్చిందో లేదో చూద్దామని పైపు మూతి దగ్గరే అగ్గిపుల్ల గీయబోయాడు! మంట పైపులోంచి వెనక్కి డోమ్‌లోకి పోయే ఛాన్స్ ఉంది. ఆ మొదటి గ్యాస్ నిప్పు లేని చోట బయటికి వదిలేయాలి, తర్వాత వెలిగించి చూసేది పొయ్యి మీదే. లైన్‌లో సన్న రాగి జాలీ ఉండ చుట్టి పెడితే మంట వెనక్కి పోకుండా ఆపుద్ది, బిగించినవాళ్లు అది పెట్టలేదు, నేనే పెట్టించుకున్నా, చాలా చవక.

ఇంకోటి ట్యాంకు క్లీనింగ్. స్లర్రీ, అంటే లోపలున్న పేడనీళ్లు తోడుతుంటే లోపలికి గాలి వస్తది, అసలు డేంజర్ అప్పుడే, బీడీ, లాంతరు దగ్గరికి రానివ్వకూడదు. మంట లేకపోయినా సరే మనిషి దిగకూడదు, లోపల ఊపిరాడదు, పైగా హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటది, అది ఎక్కువైతే ముక్కుకి వాసన కూడా తెలీకుండా పోద్ది. పైనుంచి బకెట్‌తోనో పంపుతోనో తోడించండి, కూలి ఎక్కువైనా పర్లేదు.

వంటింట్లో అయితే నాకు నచ్చనిది రబ్బరు ట్యూబు, ఎండకి వేడికి పగుళ్లిచ్చుద్ది, అప్పుడప్పుడు సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూస్తా. ఈ గ్యాస్ ఎల్పీజీలా కిందకి దిగదు, గాలి కంటే కాస్త తేలిక, కాబట్టి పైన వెంటిలేటర్ ఉండాల్సిందే. కుళ్లిన గుడ్డు వాసనొస్తే ఫ్యాన్ స్విచ్ ముట్టుకోకుండా వాల్వ్ కట్టేసి తలుపులు తీయండి.

మొత్తానికి మా ప్లాంట్‌కి ఐదుకి నాలుగు మార్కులిస్తా. ఒకటి కట్ చేసింది గ్యాస్ లైన్‌లో చేరే నీళ్లని పట్టి బయటికి తీసే నీళ్ల ట్రాప్ అందని మూల పెట్టినందుకు, పైపులో నీళ్లు చేరితే మంట ఎగిరెగిరి ఆరిపోద్ది, ఆరినా గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటది, మనం పక్క గదిలో టీవీ చూస్తుంటాం. కట్టించుకునేవాళ్లు ఆ ట్రాప్ చేతికందే చోట పెట్టమని ముందే చెప్పండి.