షూమన్ నాలుగు సింఫనీలు, రాటిల్ చేతిలో: ఆరేళ్లుగా విన్నాక

జర్మన్ స్వరకర్త షూమన్ పియానోకి రాసినంత బాగా ఆర్కెస్ట్రాకి రాయలేడన్న మాట నేనూ నమ్మినవాణ్ణే. స్వరకర్త, కండక్టర్ మాలర్ అంతటివాడే ఈ సింఫనీలను (ఆర్కెస్ట్రా కోసం రాసే, కొన్ని భాగాలుండే పెద్ద రచనలను) దిద్దుకుని వాయించాడంటే ఇంక మనమెంత! కండక్టర్ సైమన్ రాటిల్ నడిపించగా బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా 2013లో వాయించి, మరుసటేడు తమ సొంత లేబుల్‌ మీద మొట్టమొదటగా విడుదల చేసిన ఈ సెట్ ఆరేళ్లుగా వింటున్నాను. ఆ నమ్మకం ఎప్పుడో పోయింది.

పోగొట్టింది నాలుగో సింఫనీ. పేరుకే నాలుగోది. షూమన్ దాన్ని రాసింది 1841లో, మొదటి సింఫనీ రాసిన ఏడాదే. పదేళ్ల తర్వాత వాద్యం మీద వాద్యం పేర్చి బరువుగా తిరగరాశాడు. అందరూ ఎక్కువగా వాయించేది ఆ తిరగరాసిన ప్రతే. రాటిల్ మాత్రం 1841 నాటిది తీసుకున్నాడు. షూమన్ భార్య క్లారాకి తిరగరాసిందే ఇష్టం. వాళ్ల స్నేహితుడు, స్వరకర్త బ్రామ్స్‌ పట్టుబట్టి 1891లో పాతదాన్ని అచ్చు వేయిస్తే ఆవిడకి కోపమొచ్చింది. నా ఓటు బ్రామ్స్‌కే. ఇందులో గాలి ఆడుతుంది. రోమాన్స్ అనే రెండో భాగంలో ఓబో అనే ఊదే వాద్యం, చెల్లో అనే తీగ వాద్యం కలిసి పాడుతుంటే రెండు గొంతులూ విడివిడిగా తెలుస్తాయి.

ఒక్కచోట మాత్రం వెలితి. చివరి భాగంలోకి వెళ్లే దారి 1851 ప్రతిలో చీకట్లోంచి మెల్లగా కొండెక్కినట్టు ఉంటుంది. ఇక్కడ ఆ ఎక్కుడు చిన్నది. అది కావాలనిపించిన రోజు ఇదే ఆర్కెస్ట్రాతో కండక్టర్ ఫుర్ట్‌వేంగ్లర్ 1953లో చేసిన రికార్డింగ్ పెట్టుకుంటాను.

మూడో సింఫనీలో ట్రాంబోన్లు (ఇత్తడి బాకాలు) మూడు భాగాలపాటు నోరెత్తకుండా కూర్చుని, కొలోన్ చర్చి తలపుకొచ్చే నాలుగో భాగంలో మెల్లగా అందుకుంటాయి. ఆరేళ్లయినా అక్కడ చేతిలో పని ఆగిపోతుంది. రెండో సింఫనీలో నెమ్మదిగా సాగే అడాజియో భాగం నాకు కాస్త మరీ నాజూగ్గా అనిపిస్తుంది, ఏడుపు గొంతులోనే ఆగిపోయినట్టు. మొదటిది హుషారుగా ఉంది, అంతే.

రెండు సీడీలు, ఒక బ్లూ-రే. బ్లూ-రేలో కచేరీ వీడియో కూడా ఉంది కానీ నేను చూసింది రెండుసార్లే. సీడీలు ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. బస్సులో మాత్రం పెట్టకండి, మెత్తటి చోట్లన్నీ హారన్ల పాలే. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, హెడ్‌ఫోన్స్‌తో వినాలి. గుడ్డ అట్ట వేసిన అడ్డపాటి పెట్టె నా సీడీల అరలో పట్టక బీరువా మీదికి చేరింది. ఇంటికొచ్చినవాళ్లు పెళ్లి ఆల్బం అనుకుని తీసి చూస్తుంటారు.