ఫోన్‌తో బోరు మోటారు: రెండు రకాల మొబైల్ స్టార్టర్లు వాడాక

మా చీని (బత్తాయి) తోట నార్పల దగ్గర. నా ఉద్యోగం, కాపురం అనంతపురంలో. తోటలో ఉండేది నాయన. ఆరొందల అడుగుల బోరు, ఏడున్నర హెచ్‌పీ మోటారు. ఉచిత కరెంటు పగలు తొమ్మిది గంటలంటారు గానీ, మధ్యలో పోతుంది, మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడల్లా డెబ్బై దాటిన మనిషి స్టార్టర్ దాకా నడవాలి. అందుకే 2021లో మొబైల్ స్టార్టర్ పెట్టించాను. ఇప్పటికి రెండు రకాలు వాడాను.

మొదటిది కాల్ పెట్టె. లోపల ఒక సిమ్ ఉంటుంది. మన నంబరు నుంచి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడుతుంది. 1 నొక్కితే ఆన్, 2 నొక్కితే ఆఫ్. కరెంటు వస్తే తనే ఫోన్ చేసి చెబుతుంది. ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు తగ్గినా మోటారు ఆపేస్తుంది. నీళ్లు ఎత్తే పని లేనప్పుడు మోటారు లాగే కరెంటు, అంటే ఆంప్స్ పడిపోతాయి, దాన్నిబట్టి కనిపెడుతుంది. మాది మామూలుగా 16 లాగుతుంది, 11 కంటే తగ్గితే ఆగిపోవాలని సెట్ చేశాం. పెట్టిన డబ్బు ఈ ఒక్కదానికే గిట్టింది. మోటారు కాలితే ఎత్తడానికి, వైండింగ్‌కు, మళ్లీ దించడానికి ఎంతవుతుందో బోరున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఈ పెట్టె 2జీ రకం. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ దీంట్లో నడవదు. డేటా ప్యాక్ వేయించడం దండగ. 2024 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే విడిగా ప్యాక్‌లు పెట్టాలని కంపెనీలకు చెప్పింది, అవి అడిగి వేయించుకోండి. ఒకసారి బ్యాలెన్స్ చూద్దామని ఆ సిమ్ తీసి నా ఫోన్‌లో వేస్తే, పది నిమిషాల్లో రెండు పర్సనల్ లోన్ కాల్స్! పెట్టె అయితే తెలియని నంబర్లను కట్ చేసేస్తుంది. మోటారుకున్న సుఖం నాకు లేదు.

కొన్న రోజే చేయాల్సిన పని ఒకటుంది. పాస్‌వర్డ్ 1234 అని వస్తుంది. అది మార్చకపోతే పెట్టె నంబరు తెలిసినవాడెవడైనా ఒక మెసేజ్ కొట్టి తన నంబరు ఎక్కించుకోవచ్చు. మాకు బిగించిన మెకానిక్ నంబరు లోపలే ఉండిపోయిందని ఏడాది తర్వాత గానీ చూసుకోలేదు. ఆయన మంచివాడే. అయినా మా మోటారు బటన్ ఆయన జేబులో ఎందుకు?

2023లో ముచ్చటపడి యాప్ పెట్టెకు మారాను. వోల్టేజీ, ఆంప్స్, గ్రాఫులు, ఏ నిమిషానికి ఆన్ అయింది, ఎప్పుడు ఆగింది, అన్నీ ఫోన్‌లోనే. యాప్ వేసుకునేటప్పుడు కాంటాక్ట్స్, లొకేషన్ అడిగింది. ఎన్ని ఎకరాలు, ఏ పంట, బోరు ఎంత లోతు అన్నీ నింపమంది. నింపాను. రెండు వారాలకు డ్రిప్ పైపులు అమ్మేవాళ్ల నుంచి ఫోన్: "సార్, మీ చీని తోటకు..." వివరాలు అక్కడి నుంచే పోయాయని రుజువు నా దగ్గర లేదు. 2023లోనే వచ్చిన డేటా రక్షణ చట్టం, సమ్మతి అనేది పనికి అవసరమైన వివరాల వరకే అంటుంది. మోటారు ఆన్ కావడానికి మా మేనమామ ఫోన్ నంబరు ఏం అవసరమో!

అసలు ఇబ్బంది కంపెనీతో కాదు, నాతోనే వచ్చింది. ఆఫీసులో కూర్చుని యాప్ చూస్తూ, "నాయనా, పదకొండున్నరకే ఆపినావే?" అని అడిగేవాణ్ని. నాలుగోసారి ఆయన ఊరుకోలేదు. "అబ్బీ, నువ్వు మోటారును చూస్తాండావా, నన్ను చూస్తాండావా?" అన్నాడు. ఆ రోజు ఆయన ఆపింది ఎందుకంటే, డ్రిప్పు పైపు ఊడి నీళ్లన్నీ ఒకే చెట్టు కింద మడుగు కడుతున్నాయి. గ్రాఫులో అది కనపడదు.

చిన్నాన్నదీ మాదీ ఒకటే బోరు, వంతులేసుకుని పారించుకుంటాం. ఆయన ఫోన్‌లోనూ ఆ యాప్ వేశాను, తప్పు నాదే. అంతకుముందు అరగంట అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఇక "పోయిన మంగళారం నలభై నిమిషాలు ఎక్కువ ఆడించినారు" అని లెక్కలు మొదలయ్యాయి. లెక్క నిజమే. కానీ ఆ నెలంతా రెండిళ్ల మధ్య మాటలు తగ్గిపోయాయి.

2024 మే నెలలో ఒకరోజు యాప్ తెరిస్తే గుండ్రంగా తిరుగుతూనే ఉంది. సర్వర్ రిపేరులో ఉందన్నారు. కరెంటుంది, నీళ్లున్నాయి, సిమ్‌లో బ్యాలెన్సుంది, మోటారు మాత్రం లేవదు. పెట్టె మీది పచ్చ బటన్ నొక్కినా పని చేయలేదు, మాన్యువల్‌లోకి మార్చే సెట్టింగ్ కూడా యాప్‌లోనే ఉందట! నాయన మూత తీసి ఎండు కట్టెతో కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) నొక్కబోతుంటే ఫోన్‌లో అరిచి ఆపాను. రెండో రోజు మెకానిక్ వచ్చి పెట్టె లోపలి సర్క్యూట్ కార్డుకు పోయే వైర్లు పీకి, పాత స్టార్టర్ బటన్లకు కలిపాడు. ఇరవై నిమిషాల పని. ఎండకు చెట్ల ఆకులు అప్పటికే ముడుచుకున్నాయి.

వారానికే మళ్లీ కాల్ పెట్టెకు వచ్చాను. ఈసారి పక్కన ఒక చేంజోవర్ స్విచ్ పెట్టించాను. ఇటు తిప్పితే మొబైల్, అటు తిప్పితే చేతి బటన్. కొంటే ఇది లేకుండా కొనొద్దు. కాల్ పెట్టెకూ లోపాలున్నాయి. వాన పడితే సిగ్నల్ అందదు. ఒక్కోసారి 1 నొక్కినా వినిపించుకోదు. పిడుగు పడి ఒకసారి కార్డు పోయింది, 1,800 అయ్యింది.

కరెంటు రాగానే మోటారు తనే లేచే ఆటో మోడ్ గురించి ఒక్క మాట. మోటారు లేచే క్షణంలో మామూలు కంటే ఐదారింతల కరెంటు లాగుతుంది. మా 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద మూడు మోటార్లున్నాయి. కరెంటు రాగానే మూడూ ఒక్కసారే లేస్తే దాని గతి అంతే. పక్క తోటలవాళ్లతో మాట్లాడుకుని మూడు, ఐదు, ఎనిమిది నిమిషాల డిలే పెట్టుకున్నాం.

ఇప్పుడు నాయన వేపచెట్టు కింద కూర్చుని కీప్యాడ్ ఫోన్‌లో 1 నొక్కుతాడు. పొద్దున మాత్రం బోరు దగ్గరికి నడిచే పోతాడు. పైపు మీద చెయ్యి పెడితే నీళ్లెంత వస్తున్నాయో ఆయనకు తెలుస్తుంది.

యాప్ కంపెనీకి నా వివరాలు తీసేయమని మెయిల్ పెట్టాను. అందిందని జవాబొచ్చింది. నెలకోసారి మెసేజ్ కూడా వస్తూనే ఉంది, మీ మోటారు ఆఫ్‌లైన్‌లో ఉంది అని. అది వచ్చేసరికి చాలాసార్లు తోటలో మోటారు ఆడుతూనే ఉంటుంది.