సర్జ్ ఎక్స్‌టీ: ఎఫెక్టులు సరే, అసలు సంగతి శ్రుతిలో ఉంది

ఉచిత సింథ్ (కంప్యూటర్‌లోనే శబ్దాలు పుట్టించే వాద్యం) అనగానే మన కీబోర్డు వాళ్లలో చాలామంది పెదవి విరుస్తారు. ఆమ్నిస్ఫియర్ అనే సింథ్‌కు 499 డాలర్లు, అంటే నలభై వేల రూపాయలు దాటి పెట్టినవాళ్లకు ఊరికే వచ్చేదాని మీద నమ్మకం కుదరడం కష్టమే. కానీ ఇక్కడ నేను చెప్పబోయే ఉచిత సింథ్, సర్జ్, పుట్టుకతో ఉచితం కాదు. క్లాస్ యోహాన్సన్ అనే ప్రోగ్రామర్ వెంబర్ ఆడియో పేరుతో తయారుచేసి అమ్మిన సింథ్ అది. 2018 సెప్టెంబరులో ఆయన దాని కోడ్ మొత్తాన్ని ఓపెన్ సోర్స్ చేసేశారు, అంటే ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా వదిలేశారు. అప్పటినుంచి వాలంటీర్లు దాన్ని పెంచుతూ వస్తున్నారు. 2022 జనవరిలో సర్జ్ ఎక్స్‌టీ అన్న కొత్త పేరుతో పెద్ద అప్‌డేట్ వచ్చింది. ఆ తర్వాత 1.1, 1.2 వచ్చాయి, 2024 జనవరిలో 1.3 వచ్చింది. నేను ఎక్స్‌టీ మొదటి విడుదల నుంచి దీన్ని వాడుతున్నాను. వచ్చిన కొత్తల్లో ఆర్భాటంగా కనిపించిన వాటిలో ఏవి నా పనిలో నిలిచాయి, ఏవి మూలన పడ్డాయి అన్నదే ఇక్కడ చెప్పేది.

ముందు నా పనేంటో చెబితే మిగతాది అర్థమవుతుంది. కూచిపూడి నేర్పే డ్యాన్స్ స్కూళ్లకు ట్రాకులు, భక్తి పాటలు, అప్పుడప్పుడూ షార్ట్ ఫిల్ములకు బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ చేస్తుంటాను. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్, అందులో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, పక్కన కంప్యూటర్‌కు నోట్లు పంపే ఒక చిన్న మిడీ కీబోర్డు. డీజే డ్రాపులు, డబ్‌స్టెప్ బేస్‌లు నా దారి కాదు. వాటి కోసం చదువుతున్నవాళ్లకు ఈ సమీక్ష సగమే పనికొస్తుంది.

ఎక్స్‌టీలో నాకు వెంటనే తేడా తెలిసిన మార్పు ఎఫెక్టుల స్లాట్లు ఎనిమిది నుంచి పదహారు కావడం. ఇందులో ప్రతి ప్యాచ్‌కూ (సేవ్ చేసుకున్న ఒక సౌండ్) రెండు సీన్లుంటాయి, అంటే రెండు పూర్తి సింథ్‌లు ఒకే ప్యాచ్‌లో ఇమిడి ఉంటాయన్నమాట. ఇప్పుడు ఒక్కో సీన్‌కు విడిగా నాలుగు ఇన్‌సర్టులు, పైన రెండు సీన్లూ పంచుకునే నాలుగు సెండ్లు, చివర మొత్తం శబ్దం మీద పనిచేసే నాలుగు గ్లోబల్. పాత సర్జ్‌లో ప్యాడ్‌కు (వెనకాల నిలిచి మోగే శబ్దం) కోరస్, ఈక్యూ పెట్టేసరికి ఆ సీన్ స్లాట్లు అయిపోయేవి, మిగతాది రీపర్‌లో వేరే ప్లగిన్లతో (అదనంగా తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్లు) లాక్కురావాల్సి వచ్చేది. ఇప్పుడు తంబూరా శబ్దం ఒక సీన్‌లో, దాని మీద ప్యాడ్ ఇంకో సీన్‌లో, దేని ఎఫెక్టులు దానికే ఉంచి, రెండింటికీ కలిపి ఒకే రివర్బ్ పంపగలుగుతున్నాను. మొత్తం ఒకే ప్యాచ్‌గా సేవ్ అవుతుంది. మళ్లీ ఆర్నెల్లకు అదే స్కూల్ వాళ్లు వచ్చి అదే సౌండ్ కావాలంటే వెతుక్కోనక్కర్లేదు.

ఎఫెక్టుల్లో నేను రోజూ వాడేది టేప్. దీన్ని రాసింది జతిన్ చౌదురి. విడిగా ఉన్న ఆయన టేప్ ప్లగిన్‌కు మొదట ఆధారం సోనీ టీసీ-260 అనే పాత రీల్ టేప్ రికార్డరు. అయస్కాంత టేపు మీద సిగ్నల్ ఎలా ముద్ర పడుతుంది, ఎంత చిక్కబడుతుంది అన్నదాన్ని భౌతికశాస్త్ర లెక్కలతో తిరిగి కడుతుంది. అందుకే మామూలు డిస్టార్షన్‌లా పైపైన గరగర అంటించినట్టు ఉండదు. ఇందులో మూడు భాగాలున్నాయి. శబ్దాన్ని చిక్కబరిచేది ఒకటి, టేపు వేగం, హెడ్డు దూరం లాంటివాటితో పైస్థాయి శబ్దాల తరుగు చూపించేది ఇంకోటి, టేపు అరిగిపోయినట్టు చేసేది మూడోది. భక్తి పాటల్లో ప్యాడ్ మరీ మెరుస్తూ గొంతు మీదికి వస్తుంటే డ్రైవ్ కొంచెం పెంచి, టేపు వేగం తగ్గిస్తాను. పై అంచు మెత్తబడి గొంతుకు చోటు దొరుకుతుంది. ఈక్యూతో కోసినప్పుడు వచ్చే బోలుతనం ఇందులో రాదు. అరుగుదల భాగం మాత్రం జాగ్రత్త. సినిమాలో ఫ్లాష్‌బ్యాక్ సీనుకైతే బాగుంటుంది గానీ శ్రుతి నిలబడాల్సిన చోట దాన్ని సున్నాలోనే ఉంచాలి.

స్ప్రింగ్ రివర్బ్ కూడా ఆయనదే. పాత గిటార్ యాంప్లిఫయర్‌ను కాలితో తన్నితే లోపలి స్ప్రింగులు గణగణమంటాయే, ఆ చప్పుడు కోసం ఇందులో ప్రత్యేకంగా ఒక బటనే పెట్టారు. దాన్ని ఒక హారర్ షార్ట్ ఫిల్ములో తలుపు చప్పుడు కింద దాచాను. డైరెక్టరు ఆ శబ్దం ఎక్కడిదని అడిగితే చెప్పలేదు, మనకూ కొన్ని రహస్యాలుండాలిగా.

నింబస్ అనేది పారిస్‌లోని మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో ఎమిలీ జిలే రూపొందించిన క్లౌడ్స్ అనే హార్డ్‌వేర్ మాడ్యూల్ నుంచి వచ్చింది. ఆమె తన డిజైన్లను ఓపెన్ సోర్స్‌గా ఉంచడం వల్లే ఇది సాధ్యమైంది. లోపలికి వెళ్లిన శబ్దాన్ని చిన్న చిన్న రేణువులుగా తరిగి మళ్లీ చల్లుతుంది. ఒక్క స్వరం నొక్కి వదిలితే వెనకాల మబ్బులాంటిది పరుచుకుంటుంది. వినగానే ఎవరికైనా నచ్చుతుంది, అదే దీనితో చిక్కు కూడా. ప్రతి ప్యాచ్‌లోనూ పెట్టాలనిపిస్తుంది, పెడితే అన్ని పాటలూ ఒకేలా వినిపిస్తాయి. పైగా ప్రాసెసర్ మీద బరువు. నేనైతే అది పెట్టిన ట్రాకును ఆడియోగా రెండర్ చేసేసి ముందుకెళ్తాను.

1.2లో వచ్చిన బాన్సాయ్ కూడా టేప్ తరహా డిస్టార్షనే, బేస్‌కు ఒళ్లు తెస్తుంది. 1.3లో వచ్చిన ఫ్లోటీ డిలే ప్రతిధ్వనులను కొంచెం ఊగిసలాడిస్తుంది. రెండూ బాగున్నాయి, రెండూ లేకపోయినా నా పని ఆగదు. ఎయిర్‌విండోస్ అన్న పేరుతో క్రిస్ జాన్సన్ రాసిన ఎఫెక్టుల పెద్ద జాబితా ఒకటుంది. పేరు చూసి ఏది ఏం చేస్తుందో చెప్పడం కష్టం, ఒక్కోటి పెట్టి వినే ఓపిక ఉన్నవాళ్లకు అదో గని.

ఈ ఎఫెక్టులన్నీ సర్జ్ ఎక్స్‌టీ ఎఫెక్ట్స్ అనే విడి ప్లగిన్‌గా కూడా సింథ్‌తోపాటే ఇన్‌స్టాల్ అవుతాయి. చాలామంది దీన్ని గమనించరు. రికార్డు చేసిన వీణ మీదో, గొంతు మీదో నేరుగా టేప్ పెట్టుకోవచ్చు. ఒక్కో ప్లగిన్‌లో ఒక్క ఎఫెక్టే పట్టడం కొంచెం చిరాకు.

ఆసిలేటర్ల (సింథ్‌లో అసలు శబ్దాన్ని పుట్టించే భాగాలు) దగ్గరికొస్తే, ట్విస్ట్ అనేది కూడా ఎమిలీ జిలే మాడ్యూలే, ప్లెయిట్స్ అన్నదాని కోడ్. ఒక్కదానిలోనే గంటల్లాంటివి, తీగల్లాంటివి, డ్రమ్ముల్లాంటివి ఉన్నాయి. నా ఇష్టం మాత్రం స్ట్రింగ్. మీటిన తీగ ఎలా మోగుతుందో లెక్కగట్టి పలికిస్తుంది, రికార్డు చేసిన శాంపిల్ ఏదీ ఉండదు. ఇందులో రెండు తీగలుంటాయి. తీగను మీటే ఎక్సైటర్‌గా పింక్ నాయిస్ బరస్ట్ పెట్టి, శబ్దం ఆరిపోయే సమయాన్ని (డికే) బాగా పొడవు చేసి, రెండో తీగను పిసరంత తప్పించి, ప-స-స-మంద్ర స అని నాలుగు నోట్లు మిడీలో రాసుకుంటే తంబూరాకు దగ్గరగా ఒక ఆధారం తయారవుతుంది. బ్రిడ్జి మీద దారం సర్దితే తంబూరాలో వచ్చే ఝంకారం మాత్రం దీనితో అచ్చంగా రాదు. శబ్ద తరంగం ఆకారాన్ని మార్చే వేవ్‌షేపర్‌ను కాస్త కలిపితే ఆ దరిదాపుల్లోకి వెళ్తుంది. అసలు తంబూరా తెలిసినవాళ్లను మోసగించలేం, అయినా ట్రాకులో కింద మోగుతూ ఉండటానికి ఇది చాలు.

ఇక నన్ను ఈ సింథ్‌కు కట్టిపడేసిన విషయం ట్యూనింగ్. ఎక్స్‌టీలో దీనికి ప్రత్యేకంగా ఒక ఎడిటర్ కిటికీయే ఉంది. స్కేల్‌ను గుండ్రటి చక్రంలా చూపిస్తుంది, ఏ స్వరానికీ ఏ స్వరానికీ మధ్య ఎంత దూరమో పట్టికలో చూపిస్తుంది.

మన సంగీతం చేసేవాళ్లకు ఇది ఎందుకు ముఖ్యమో చెబుతాను. తంబూరా స తీగలో అయిదో హార్మోనిక్‌గా (మూల శబ్దంతోపాటు పుట్టే పై స్వరం) అంతర గాంధారం దానంతటదే వినిపిస్తుంది. స ఉన్న ఆక్టేవ్‌లోకి దించి చూస్తే అది స కు సరిగ్గా 5/4. కీబోర్డు మీద గ మాత్రం ఆక్టేవ్‌ను పన్నెండు సమభాగాలు చేయగా వచ్చినది, సుమారు 14 సెంట్లు (సెమిటోన్‌లో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువ. స 261.6 హెర్ట్జ్ అనుకుంటే తంబూరా గ 327, కీబోర్డు గ 329.6. రెండూ కలిసి మోగితే సెకనుకు రెండుసార్లకు పైగా కొట్టుకుంటాయి, అంటే శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. పియానో లాంటి ఆగిపోయే శబ్దంలో ఇది తెలియదు. నిలిచి మోగే ప్యాడ్‌లో, అదీ శంకరాభరణంలోనో మోహనలోనో గాంధారం మీద గాయని నిలబడినప్పుడు బయటపడుతుంది. ఏదో తేడాగా ఉందని అందరికీ అనిపిస్తుంది, సాధారణంగా నింద గాయని మీదికి పోతుంది.

పరిష్కారం నోట్‌ప్యాడ్‌లోనే ఉంది. స్కాలా అనే ఫార్మాట్‌లో డాట్ ఎస్‌సీఎల్ ఫైలు ఒకటి రాసుకోవాలి. మొదటి వరసలో ఒక పేరు, రెండో వరసలో 12, ఆ తర్వాత వరసకు ఒకటి చొప్పున 16/15, 9/8, 6/5, 5/4, 4/3, 45/32, 3/2, 8/5, 5/3, 9/5, 15/8, 2/1. అంతే. దాన్ని సర్జ్ మీదికి లాగి వదిలితే ప్యాడ్ ఒక్కసారిగా తంబూరాలో కలిసిపోతుంది. మొదటిసారి వినేవాళ్లకు సౌండ్ తగ్గిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి తగ్గింది కొట్టుకోవడమే.

ఈ ఫైలు మామూలుగా మధ్య సి ని స గా తీసుకుంటుంది. అది ఒకటి శ్రుతి. ఆడవాళ్లు పాడే ఐదున్నరకు కావాలంటే కీబోర్డు మ్యాపింగ్ కోసం డాట్ కేబీఎం ఫైలు ఇంకోటి కావాలి. అందులో మధ్య స్వరం 68, రిఫరెన్స్ స్వరం 68, ఫ్రీక్వెన్సీ 415.3 అని ఇస్తే జి షార్ప్ స అవుతుంది. ఒక్కో శ్రుతికి ఒక్కో ఫైలు చేసి దాచుకుంటే మళ్లీ మళ్లీ తడుముకోనక్కర్లేదు. ప్యాచ్ సేవ్ చేసేటప్పుడు ట్యూనింగ్‌ను కూడా అందులోనే ఉంచమని టిక్ పెట్టుకోవచ్చు.

ట్యూనింగ్ మెనూలో ఒక చిన్న ఎంపిక ఉంది, దాన్ని చూడకుండా దాటేయకండి. ట్యూనింగ్‌ను మిడీ ఇన్‌పుట్ దగ్గర వర్తింపజేయాలా, మాడ్యులేషన్ అయ్యాక వర్తింపజేయాలా అని. మొదటిది పెడితే కీలు మాత్రమే కొత్త స్కేల్‌లో ఉంటాయి, పిచ్ బెండ్ మామూలు సెమిటోన్ల లెక్కలో కదులుతుంది. రెండోది పెడితే బెండ్ కూడా మన స్కేల్ మెట్ల మీదుగా వెళ్తుంది, రి నుంచి గ కు జారితే సరిగ్గా మన గ మీదే ఆగుతుంది. జారుల కోసం నేను రెండోదే వాడతాను. పోర్టమెంటోకు (ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం) వంపు మార్చుకునే వీలు కూడా ఉంది కాబట్టి సాదా జారులు నమ్మకంగానే వస్తాయి. తోడి గాంధారం లాంటిది మాత్రం ఏ ఫైలుతోనూ రాదు. అది ఒకచోట నిలిచే స్వరమే కాదు, ఊగే కదలికే దాని ప్రాణం. దానికి కీబోర్డు పిచ్ వీల్ మీద చెయ్యి తిరగాల్సిందే. అలాగే పన్నెండు కీలలో రిషభానికి 9/8 ఇస్తే 10/9 కావాల్సిన చోట రాజీ పడాలి. రాగాన్ని బట్టి ఫైళ్లు మార్చుకోవడమే దారి.

ప్రాజెక్టులో వేరే సింథ్‌లు కూడా ఉంటే, వాటికి ఎమ్‌టీఎస్-ఈఎస్‌పీ (ఒకే ట్యూనింగ్‌ను చాలా ప్లగిన్లకు పంచే పద్ధతి) సపోర్ట్ ఉన్నంతవరకు అన్నింటినీ ఒకే స్కేల్‌లో పెట్టొచ్చు. ఆ సపోర్ట్ లేని శాంపిల్ లైబ్రరీలు విడిగా పాత శ్రుతిలోనే ఉండిపోతాయి. సర్జ్ ప్యాడ్ ఒక గ, కొన్న వయొలిన్ లైబ్రరీ ఇంకో గ పలుకుతుంటే పాత తలనొప్పి కొత్త రూపంలో వచ్చినట్టే.

నచ్చనివి చెప్పాలంటే, తెర మీద స్లైడర్లు కిక్కిరిసి ఉంటాయి. జూమ్ పెంచుకోవచ్చు, స్కిన్ మార్చుకోవచ్చు, అయినా కొత్తవాళ్లు బెదిరిపోతారు. ప్యాచ్‌లు వేలల్లో ఉన్నాయి, ఎక్స్‌టీలో వెతికే సదుపాయం మెరుగైంది, అయినా వాటిలో ఎక్కువ భాగం ఎలక్ట్రానిక్ సంగీతానికి చేసినవే. వీణ, మృదంగం, నాదస్వరం కావాలనుకునేవాళ్లు ఇటు రానక్కర్లేదు, ఇది శాంపిల్స్ పలికించే పరికరం కాదు. ఫార్ములా మాడ్యులేటర్ అని లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాసి ఎల్‌ఎఫ్ఓ (నాబ్‌లను దానంతటదే కదిలించేది) చేసుకునే ఏర్పాటు కూడా ఉంది. ప్రోగ్రామింగ్ తెలిసిన సంగీతకారులకు అది పండగే. నాకు మాత్రం ఆ కదలికను చేత్తో గీతలుగా గీసుకునే ఎమ్‌ఎస్‌ఈజీ తోనే పని జరిగిపోతోంది. ఎఫెక్టుల నాబ్‌లను కదిలించాలంటే సీన్ ఎల్‌ఎఫ్ఓలే పనిచేస్తాయి, ఒక్కో నోటుకు విడిగా నడిచే వాయిస్ ఎల్‌ఎఫ్ఓలు పనిచేయవు. కారణం అర్థమైనా అలవాటయ్యేదాకా అయోమయమే.

వేరే స్టూడియోతో కలిసి పనిచేసేవాళ్లు వెర్షన్ చూసుకోవాలి. 1.3లో ఫ్లోటీ డిలే పెట్టిన ప్యాచ్‌ను 1.1 ఉన్నవాళ్లు తెరిస్తే వాళ్ల దగ్గర ఆ ఎఫెక్టే ఉండదు. ప్రాజెక్టు ఫైలుతోపాటు రెండర్ చేసిన ఆడియో కూడా ఇచ్చేయడం మేలు. పాత సర్జ్ 1.9తో చేసిన పాటలున్నవాళ్లకు భయం లేదు. ఎక్స్‌టీ విడి ప్లగిన్‌గా ఇన్‌స్టాల్ అవుతుంది, పాతది తీసేయకుండా పక్కనే ఉంచుకుంటే ఆ పాటలు అలాగే తెరుచుకుంటాయి. ఒక్క విషయం, ఎక్స్‌టీకి వీఎస్‌టీ2 (ప్లగిన్ల పాత ఫార్మాట్) రూపం లేదు. వీఎస్‌టీ3 తీసుకోని చాలా పాత సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లు ముందు ఆ సాఫ్ట్‌వేర్‌ను మార్చుకోవాలి.