గుంటూరు జిల్లా జనాభా లెక్కల హ్యాండ్‌బుక్ 2011: రెండు భాషల ఊరి చరిత్ర రాసేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

తెలుగువాళ్లు, లంబాడీవాళ్లు కలిసి ఉండే ఊరి చరిత్ర రాయడానికి కూర్చున్నవాళ్ల కలం ఎక్కువగా ఆగేది జనాభా దగ్గరే. గుడి, చెరువు, అగ్రహారం సంగతులు మెకంజీ సేకరించిన కైఫియ్యతుల్లో, అంటే పాతకాలపు ఊరి చరిత్రల్లో, దొరుకుతాయి. ఊళ్లో ఎంతమంది ఉండేవారు, ఇంట్లో ఏం మాట్లాడేవారు అన్నది తేలాలంటే సెన్సస్ ఇండియా వెబ్‌సైటుకే వెళ్లాలి. జిల్లా హ్యాండ్‌బుక్ రెండు భాగాలు, సీ-16 అనే భాషల పట్టిక, ఈ మూడూ ఉచితంగా దొరుకుతాయి. మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒక్కటే తెరిస్తే తప్పు లెక్క రాయడం ఖాయం.

ముందు ఫైలు సంగతి. ఫైలు పేరులో 2817 ఉంటే గుంటూరు, 2816 ఉంటే కృష్ణా. ఇందులో 28 రాష్ట్రానిది, మిగతా రెండంకెలు జిల్లా వరుస సంఖ్య. ఎక్సెల్ పట్టికల్లో మాత్రం గుంటూరు కోడ్ 548, కృష్ణా 547. పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్ జిల్లాల పేర్లతో వెతికితే ఏమీ రాదు, ఎందుకంటే అవి ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. మాచర్ల, వినుకొండ కావాలంటే గుంటూరు ఫైలు తీయాలి. జగ్గయ్యపేట కృష్ణాలో ఉంటుంది.

హ్యాండ్‌బుక్ పార్ట్ ‘ఏ’లో ఊళ్ల సౌకర్యాలు, విస్తీర్ణం, సాగు భూమి ఉంటాయి. మున్సిపాలిటీ గురించి రాసేవాళ్లకు అసలు నిధి అందులోని పట్టణాల డైరెక్టరీ మొదటి పట్టిక. పట్టణం హోదా, 1901 నుంచి పదేళ్లకోసారి జనాభా, పెరుగుదల శాతం ఒకే వరుసలో ఇస్తుంది. వందేళ్ల చరిత్రకు ఆ ఒక్క వరుస వెన్నెముక. పార్ట్ ‘బీ’లో ఇళ్లు, ఆడ మగ, ఆరేళ్లలోపు పిల్లలు, ఎస్సీ, ఎస్టీ, అక్షరాస్యులు, పనిచేసేవాళ్ల లెక్కలు ఉంటాయి. భాష ఇందులో ఉండదు. చాలామంది ఇక్కడ వెతికి లేదనుకుని వదిలేస్తారు.

తండాల పేర్లు కూడా విడిగా కనిపించవు. సెన్సస్ లెక్క రెవెన్యూ గ్రామం వారీగా సాగుతుంది కాబట్టి శివారు తండాలన్నీ తల్లి గ్రామంలో కలిసిపోతాయి. బొల్లాపల్లి, వెల్దుర్తి మండలాల ఊళ్ల గురించి రాసేవాళ్లు ముందు ఏ తండా ఏ రెవెన్యూ గ్రామం కిందికొస్తుందో రాసిపెట్టుకోవాలి.

ఇక సీ-16. అందరూ బోల్తా పడేది ఇక్కడే. పల్నాడు మండలాల్లో హిందీ అంకె చూసి ‘ఇంతమంది హిందీవాళ్లా’ అని ఆశ్చర్యపోనక్కర్లేదు. సెన్సస్ వర్గీకరణలో లంబాడీని హిందీ కిందే చేర్చారు. 006000 కోడ్ ఉన్న వరుస హిందీ గుంపు మొత్తం. దాని కింద లమాని/లంబాడీ, బంజారీ విడివిడి వరుసలుగా ఉంటాయి. మనకు కావలసినవి ఆ కింది వరుసలు. మూడు సున్నాలతో ముగిసే కోడ్ మొత్తానిది కాబట్టి దాన్నీ, కింది వరుసలనూ కలిపి కూడితే జనం రెట్టింపవుతారు. ఎరుకల భాష కూడా ఇలాగే తమిళం కింద ఉంటుంది. ఉర్దూకు మాత్రం సొంత కోడ్ 022000 ఉంది, చిక్కు లేదు. ఒక మండలంలో తెలుగు, లంబాడీ మాట్లాడేవాళ్ల శాతాలు ఈ వరుసల నుంచే తీయాలి తప్ప పై అంకె నుంచి కాదు.

ఇంకో మాట. సీ-16 చెప్పేది మాతృభాష, అంటే చిన్నతనంలో తల్లి మాట్లాడిన భాష. రెండో భాష ఎంతమందికి వచ్చో చెప్పేది సీ-17. అది రాష్ట్రం మొత్తానికి, అదీ హైదరాబాదుతో కలిసిన ఉమ్మడి రాష్ట్రానికి. ఆ శాతాన్ని తెచ్చి చిన్న పట్నానికి అంటించకూడదు. ‘ఇన్ని వందలమందికి రెండు భాషలూ వచ్చు’ అని రాయడానికి ఈ పట్టికల్లో ఆధారం లేదు. ‘ఇంతమంది మాతృభాష లంబాడీ’ అని రాస్తే చాలు, అది గట్టిగా నిలబడుతుంది.

పాత సంపుటాల్లో హద్దులు చూసుకోవాలి. 1961 గుంటూరులో ఒంగోలు తాలూకా ఉంది, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక లేదు. 1981 పుస్తకం తాలూకాల వారీగా ఉంటుంది. 1985లో మండలాలు వచ్చాయి కాబట్టి 1991 నుంచి మండలాల వారీ లెక్క. 1941లో యుద్ధం వల్ల పట్టికలు కుదించారు, ఆ ఏడాది వివరాలు పలచగా ఉంటాయి. సెన్సస్ మొదలైన 1871కి ముందు కథ రాస్తే 1832-33 నాటి నందన కరువును వదలకూడదు. అప్పటి గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల మంది ఉంటే లక్షన్నరకు పైగా చనిపోయారని అంచనా.

ప్రింటు తీయించేవాళ్లు మొత్తం ఫైలు గుంటూరు బ్రాడీపేట జిరాక్స్ షాపులో ఇచ్చి డబ్బు తగలేసుకోవద్దు. మీ మండలం పేజీలు, పట్టణాల డైరెక్టరీ చాలు. ఏ4లో అంకెలు చీమల్లా వస్తాయి, ఏ3 అడ్డంగా తీయమనండి. ఊరి వరుస సంఖ్య ప్రతి పేజీలోనూ సరిపోయిందో లేదో చూశాకే బైండింగుకు ఇవ్వండి.

అయిదుకు నాలుగు మార్కులు. ఆ ఒక్కటీ తగ్గించింది భాషల పట్టిక హ్యాండ్‌బుక్‌లోనే లేనందుకు. 2021 లెక్కలు జరగలేదు, తర్వాతి లెక్కల తేదీ 2027 మార్చి 1. అప్పటిదాకా రాసే ప్రతి అంకె పక్కనా ‘2011’ అని వేయండి.